నిర్యాసమా, నిర్యాణమా?

పాతపేజీ: చిప్కో గురించి, అదే గఢ్వాల్ కొండల్లో చెట్లు నరకనివ్వకుండా అడ్డుకున్న ఉద్యమం గురించి చదువుతున్నాను. 1977, టెహ్రీ వైపు అద్వాణీ అడవి. పట్టపగలు లాంతర్లు వెలిగించుకుని వచ్చిన ఆడవాళ్లతో, అడవి ఇచ్చేది బంకా కలపా విదేశీ మారకమూ అన్నాడట అటవీ అధికారి. వాళ్ల నినాదం తెలిసిందే: "క్యా హైఁ జంగల్ కే ఉపకార్? మిట్టీ, పానీ ఔర్ బయార్." ఆ 'ఉపకార్' దగ్గర పోతన పట్టుకున్నాడు, భాగవతంలో చెట్ల మేలు చెప్పే పద్యంతో. "అపకారంబులు సేయ వెవ్వరికి..." మొదలూ చివరా వస్తున్నాయి గానీ, రెండో పాదంలో "త్వగ్గంధ నిర్యా" దాకా వచ్చి నోరు ఆగిపోతోంది. మా మాస్టారు 'నిర్యాణ' అన్నట్టు గుర్తు.

గోదారిగట్టు: చెట్టుకి నిర్యాణమేమిటండీ, అది నరికాక కదా! నిర్యాసమే. బంక.

మత్తేభం: ఛందస్సు తేల్చదు, రెండింటిదీ ఒకే కొలత. యతి కూడా 'త్వ' దగ్గరే తీరిపోయింది. సంస్కృత భాగవతం మూలం చూసుకోండి: "గంధనిర్యాసభస్మాస్థితోక్మైః". కేసు క్లోజ్.

కంచెపక్క: అప్పుడేనా? దానికి ముందు పాదం "మూలవల్కలదారుభిః". అక్కడ కలప ఉంది. పోతన త్వక్కు, అంటే బెరడు, నుంచి ఫలం దాకా చెట్టిచ్చేవి పదకొండు చెప్పాడు, దారువు ఏదీ? నాగలి పట్టినవాడు, కావాలనే వదిలేశాడంటాను.

మత్తేభం: ఛందస్సులో పట్టక వదిలేశాడు. 'అస్థి' కూడా లేదు, దానికేం చెబుతారు? పైగా భస్మం ఉంచాడు. కొట్టకుండా బూడిద ఎక్కడిది?

గోదారిగట్టు: మా అమ్మమ్మ పొయ్యిలోంచి! ఎండిన చితుకులు తప్ప పచ్చికొమ్మ ముట్టేది కాదు. చిప్కోలో రేణీ ఊరి దగ్గరా అదే గొడవ. 1974 మార్చి 26న మగవాళ్లని నష్టపరిహారమంటూ చమోలీకి పిలిపించి, ఇటు కూలీల్ని అడవికి పంపారు. గౌరాదేవి ఆడవాళ్లని వెంటేసుకుని వెళ్లి అడ్డం నిలబడింది, ఇది మా పుట్టిల్లు అంది. పుట్టింటి నుంచి ఒళ్లో పోసుకొచ్చుకుంటాం, దూలాలు పీక్కొస్తామా?

పాతపేజీ: ఆ అద్వాణీ అధికారి చెప్పిన బంక, అక్కడి 'లీసా', మన నిర్యాసమే కదా. అదే లోయలో బంక కోసం పైన్ చెట్లకి దిగేసిన ఇనుపరేకుల్ని ఆడవాళ్లు ఊడబీకి, గాట్లకి మట్టి మెత్తారు.

తుమ్మజిగురు: అందుకే చిప్కోని 'కౌగిలించుకో' అంటే ఒప్పుకోను. గఢ్వాలీలో కౌగిలికి 'అంగ్వాల్' ఉంది. చిప్కో అంటే బంకలా అతుక్కోమని. ఇంకోటి, 'బయార్' మన 'బయలు' అని నా అనుమానం.

మత్తేభం: బాబూ, అది గాలి. మీ అనుమానం కూడా గాలే.

కంచెపక్క: పదకొండు అన్నాను గానీ, పద్యంలో 'పలాశాగ్ర' అంటే ఆకుకొన అని ఒకటిగా లెక్కేస్తే పదే అవుతాయి.

గోదారిగట్టు: మూలంలో 'తోక్మ' ఉందిగా, పోతన అగ్రమూ అదే, చిగురు. ఆకు వేరు, చిగురు వేరు. పదకొండే.

మత్తేభం: సరే, మరి 'అస్థి' బొగ్గా, టెంకా?