సమస్యాపూరణం: రెండు స్వరము లుడుగ నిండెఁ బాట

నిర్వాహకుడు, మైలాపూరు:
ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

రెండు స్వరము లుడుగ నిండెఁ బాట

స్వరాలు పోతే పాట వెలితి పడాలి గదా, నిండడమేమిటి? అదే మీరు విప్పాలి. సినిమా పాటలు, వాటిని మళ్ళీ పాడుతున్న మన పిల్లలు వస్తువు. ‘రెండు’ తెలుగు మాట, విడి పదం. కనుక తర్వాత ‘స్వ’ వచ్చినా ‘డు’ లఘువే. రెండు–నిండె ప్రాసయతి.

వడపళని సభ్యుడు:
మధ్యమమ్ము లేదు మఱి నిషాదము లేదు
లోటు తోఁచ దెచట లోకమునకు
వెన్నెలందుఁ బడవ వెడలు మోహనమందు
రెండు స్వరము లుడుగ నిండెఁ బాట

నిర్వాహకుడు:
హాయిగా ఉందండీ. మోహనం ఔడవ రాగం, స రి గ ప ధ అయిదే. పేరు చెప్పకుండానే మాయాబజార్ (1957) పడవ పాటను, పింగళివారి ‘లాహిరి’ని కళ్ళకు కట్టారు. ఘంటసాల, లీల గొంతులు వినిపించాయి. కానీ మొదటి పాదంలోనే విడుపు చెప్పేశారు. ఒకటీ మూడూ పాదాలు తారుమారు చేసి చదవండి. గణాలు చెడవు, పడవ ముందొస్తుంది, స్వరాల ముడి చివర విడుతుంది.

వడపళని సభ్యుడు:
చదివాను. అలాగే ఉంచండి. ఆ సినిమా తీసిన వాహినీ స్టూడియో మా పేటదే, అందుకే ఆ పాట మీదికి మనసు పోయింది.

పెరంబూరు సభ్యురాలు:
తెలుగు వర్ణ మొకటి తెరమీఁది పాటయై
తమిళనాట నెల్లఁ దాండవించె
చిన్నపాప గొంతుఁ జేరి మోహనమయ్యె
రెండు స్వరము లుడుగ నిండెఁ బాట

పూచి శ్రీనివాసయ్యంగారి ‘నిన్నుకోరి’ మోహన వర్ణం (సంగీత పాఠాల్లో నేర్పే ఒక రకం రచన) సాహిత్యం తెలుగే. ఇళయరాజా దాని ఎత్తుగడతో ‘అగ్ని నక్షత్రం’ (1988)లో పాట కట్టారు. చిత్ర గారు పాడారు. అదే డబ్బింగులో ‘ఘర్షణ’గా మళ్ళీ తెలుగులోకి వచ్చింది. వర్ణాల దాకా వచ్చిన పిల్లలు ముందు సినిమా పాట పాడి, ఆ తర్వాత వర్ణం అందుకుంటారు. నాకది చాలా ఇష్టం.

నిర్వాహకుడు:
కథ గొప్పది, తెలుగు సాహిత్యం మద్రాసులో తిరిగి మన చెవికే వచ్చింది. కానీ అమ్మా, రెండు స్వరాలు ఎందుకు ఉడిగాయో పద్యం చెప్పదు. ‘మోహనమయ్యె’ ఒక్కటే ఆ బరువంతా మోస్తోంది. వివరణ తీసేస్తే చదువరికి అందదు.

అడయారు సభ్యురాలు:
పాప కందనట్టి పై షడ్జ రిషభముల్
అమ్మ మాని నేర్పె నందముగను
గొంతు నొవ్వకుండఁ గూన పాడిన వేళ
రెండు స్వరము లుడుగ నిండెఁ బాట

పెరంబూరు సభ్యురాలు:
అక్కయ్యగారూ, పద్యం బాగుంది, పద్ధతి మీద నాకు అభ్యంతరం. కరోకే ట్రాక్ పెద్ద గాయని శ్రుతిలో ఉంటే, ట్రాక్ శ్రుతినే పిల్ల గొంతుకు తగ్గట్టు దించాలి. స్వరాలు కోయడం దేనికి?

అడయారు సభ్యురాలు:
పల్లవి అంతా ఆ శ్రుతిలో మా పాప కమ్మగా పాడుతుంది. శ్రుతి దించితే కింది స్వరాలు గాలిలో కలిసిపోతాయి. బాధంతా చరణం కొసన పైకి పోయే ఒక్క సంగతి (స్వరాల మలుపు)తోనే.

నిర్వాహకుడు:
నేను అమ్మ పక్షమే. తారస్థాయి సంగతి వదిలినా మధ్యస్థాయి షడ్జ రిషభాలు ఉన్నాయి గనుక రాగం చెడదు. రాగం పేరెత్తకుండా సమస్యను ఇంట్లోకి తెచ్చిన పూరణ ఇదొక్కటే. ఈ వారం మొదటి స్థానం దీనికే.

టి.నగర్ మాస్టారు:
ఆలస్యమైంది, అయినా చూడండి.

దీక్షితార్యుఁ డిచటఁ దెల్లవారల మెట్టు
శ్యామలాంబఁ గొలువ సంతరించె
నేఁటి పిల్లలెల్ల నింగి తారను బాడ
రెండు స్వరము లుడుగ నిండెఁ బాట

ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరం (పాశ్చాత్య బాణీకి కట్టిన కీర్తన) ‘శ్యామలే మీనాక్షి’, పిల్లల ‘ట్వింకిల్ ట్వింకిల్’ ఒకే మెట్టు. బాణీ ఫ్రెంచివారిది, 1761 నాటికే అచ్చయింది. జేన్ టేలర్ ఇంగ్లీషు పద్యం 1806లో వచ్చింది.

నిర్వాహకుడు:
మాస్టారూ, శ్యా–సం యతి ముచ్చటగా కుదిరింది. కానీ స్వరాలు లెక్కపెట్టండి: స స ప ప ధ ధ ప, మ మ గ గ రి రి స. మధ్యమం ఉంది. లేనిది నిషాదం ఒక్కటే. మొదటి మూడు పాదాలూ బంగారం, నాలుగోది అతకలేదు. ఆ మూడు పాదాలకు తగిన సమస్య నేనే మరోసారి ఇస్తాను.

వచ్చే వారానికి, ఇదీ ఆటవెలదే:

ఎక్కి దిగని పాట యెదను నిలిచె

ఆరోహణే తప్ప అవరోహణ లేకుండా కట్టిన పాటలను గుర్తుచేసుకోండి. పూరణలు ఆదివారం సాయంత్రంలోగా పంపండి.