సెన్సర్ మోగలేదు, కారు గుద్దింది. తప్పు ఎవరిది?

పటమటవాసి
అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా మా ఇంట్లో నలుగుతున్న గొడవ ఇది, మీరైనా తేల్చండి.

పోయిన ఆదివారం పొద్దున మా నాన్నగారు అపార్ట్‌మెంట్ సెల్లార్లో కారు వెనక్కి తీస్తూ బోరు గొట్టాన్ని గుద్దారు. కేసింగ్ నేల మీదికి అడుగెత్తు ఉంటుంది. దాని మీంచి మోటారు పైపు బెండు తిరిగి సంపు వైపు పోతుంది. బెండు విరిగిపోయింది. రెండు రోజులు పద్దెనిమిది ఫ్లాట్లకు నీళ్ళు లేవు, ట్యాంకర్లు తెప్పించారు. అసోసియేషన్ వాళ్ళు 14,000 కట్టమంటున్నారు. బంపర్ ఖర్చు వేరే.

2019 జూలై 1 నుంచి ప్రతి కొత్త కారుకీ వెనక పార్కింగ్ సెన్సర్ తప్పనిసరి అని కేంద్రం రూలు పెట్టింది. మాది 2022 మోడలు. సెన్సర్ పనిచేస్తోంది, గోడ దగ్గరికి పోతే మోగుతుంది. గొట్టం దగ్గర మాత్రం మోగలేదు. మరి ఈ డబ్బు కట్టాల్సింది నాన్నగారా, కారు అమ్మినవాళ్ళా? షోరూంకి తీసుకెళ్తే పది నిమిషాలు చూసి "సెన్సర్ బాగుంది సార్" అని పంపేశారు.

బుల్లెట్ శీను
మా దానికి వానపడితే ఊరికే మోగుద్ది. వెనక్కి చూస్తే ఏమీ ఉండదు.

ఆటోనగర్ షెడ్డు
తమ్ముడూ, ఇరవై రెండేళ్ళుగా ఆటోనగర్లో బంపర్లు విప్పి బిగిస్తున్నా. నీ సెన్సర్‌కి రోగమేం లేదు. అది నేల నుంచి సుమారు అర మీటరు ఎత్తున ఉంటుంది. దాని చూపు పక్కలకి వెడల్పుగా పోతుంది, పైకీ కిందికీ సన్నంగా పోతుంది. కావాలనే అలా చేస్తారు, లేకపోతే నేలని చూసి రోజంతా అరుస్తూనే ఉంటుంది. బయట బిగించేవాళ్ళలో కొందరు పైకి ఉండాల్సిన గుర్తు చూసుకోకుండా తలకిందులుగా పెడతారు. ఆ కార్లు ఖాళీ రోడ్డు మీద కూడా మోగుతాయి. అడుగెత్తు గొట్టం దాని చూపుకి అందదు, మోగదు.

సన్నటి ఇనప కడ్డీ, గేటు గొలుసు, ఫెన్సింగ్ తీగ, మెత్తటి గోనెల కట్ట, ఇవన్నీ అంతే. సెన్సర్‌ని నమ్ముకుని వెనక్కి వచ్చినవాళ్ళదే తప్పు. అద్దాలు చూడాలి, మెడ తిప్పాలి, అనుమానం వస్తే దిగాలి.

పటమటవాసి
అన్నా, సెన్సర్ ఎలా పనిచేస్తుందని నేను అడగలేదు. తప్పనిసరి అని చెప్పి, ధరలో కలిపి అమ్మిన వస్తువు అవసరమైన చోట నోరెత్తకపోతే జవాబుదారీ ఎవరు? సీటు బెల్టు కొన్ని గుద్దుళ్ళకే పనిచేస్తుందంటే ఊరుకుంటామా?

తెనాలి మాస్టారు
సీటు బెల్టుతో పోలిక కుదరదు నాయనా. రిటైరయ్యేదాకా ఫిజిక్సు చెప్పినవాణ్ణి, కొంచెం ఓపిగ్గా వినండి.

సెన్సర్ చూడదు, వింటుంది. మన చెవికి అందే శబ్దం 20 కిలోహెర్ట్‌జ్‌తో ఆగిపోతుంది. ఇది 40 కిలోహెర్ట్‌జ్‌కి అటూ ఇటూ ఉన్న శబ్దాన్ని వెనక్కి వదిలి, ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి మీటరు దూరంలో గోడ ఉంటే వెళ్ళి రావడానికి సెకనులో వెయ్యోవంతులు ఆరు పడతాయి. ఆ కాలాన్ని బట్టి దూరం కడుతుంది. అంటే ప్రతిధ్వని తిరిగి వస్తేనే దానికి అక్కడ వస్తువు ఉన్నట్టు. ఏటవాలు పలకని తగిలిన శబ్దం ఇంకోవైపు జారిపోతుంది. దూదిలాంటిది పీల్చేసుకుంటుంది. గుండ్రటి సన్న కడ్డీ నుంచి తిరిగొచ్చేది బహు కొద్ది. సెన్సర్ మూతి మీద బురదో నీటిచుక్కో ఉంటే, లేని వస్తువు ఉన్నట్టు అనిపిస్తుంది. శీను గారి కారు వానలో మోగడం అందుకే.

ఇంకో లెక్క. వెనక సెన్సర్ చాలా కార్లలో మీటరున్నర దగ్గర మొదలవుతుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగమంటే మనిషి నడక. ఆ వేగంలో సెకనుకి 1.4 మీటర్లు పోతాం. మోత మొదలైన సెకను తర్వాత వస్తువు మీద ఉంటాం. మనిషి విని, అర్థం చేసుకుని, బ్రేకు తొక్కడానికే ఇంచుమించు సెకను పోతుంది. కాబట్టి నడక కంటే నెమ్మదిగా, క్లచ్ మీద పాకిస్తూ వస్తేనే ఆ మోతకి విలువ.

షెడ్డు గారూ, మీరు చెప్పినదాంట్లో ఒకటి సరిచేయాలి. అడుగెత్తు గొట్టం అసలే మోగదనడం తప్పు. దూరంగా ఉన్నప్పుడు అది సెన్సర్ చూపులోనే ఉంటుంది. దగ్గరికి వచ్చేకొద్దీ గొట్టం ఆ చూపుకి అందకుండా కిందికి ఉండిపోతుంది. అంటే ముందు మోగి, తర్వాత ఆగిపోవాలి. పటమటవాసి గారూ, నాన్నగారికి ఒక్కసారి కూడా వినపడలేదా?

పటమటవాసి
మోగలేదనే కదా రాశాను.

డాలస్ సుజాత
మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడ 2018 మే నుంచి ప్రతి కొత్త కారుకీ వెనక కెమెరా ఉండాల్సిందే. 2002లో న్యూయార్క్ దగ్గర ఒక తండ్రి ఇంటి ముందు కారు వెనక్కి తీస్తుంటే రెండేళ్ళ సొంత కొడుకు కింద పడి చనిపోయాడు. ఆ బాబు పేరు కామెరాన్ గల్బ్రాన్సన్. చట్టం వాడి పేరు మీదే 2008లో వచ్చింది, అమలు కావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. కారు వెనక కూర్చున్న బిడ్డ అద్దాల్లో కనపడడు. ఇండియాలో సెన్సర్‌తో సరిపెట్టడం నాకు అర్థం కాదు. కెమెరా పెట్టించుకోండి, చర్చే అక్కర్లేదు.

ఆటోనగర్ షెడ్డు
అక్కా, వానాకాలం రండి మా ఊరు. ఒక్క రోజు తిరిగొచ్చాక కెమెరా మీద బురద తప్ప ఏమీ కనపడదు.

డాలస్ సుజాత
బురద పడితే తుడుచుకుంటారు. సెన్సర్‌ని కూడా తుడవాలని మాస్టారే అన్నారుగా?

ఆటోనగర్ షెడ్డు
తుడిచేవాళ్ళని చూపించండి. సర్వీసుకి వచ్చిన కార్లలో సెన్సర్ మీద ఎండిన మట్టి లేనిది ఎన్ని చూశానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కడిగేవాళ్ళు ప్రెషర్ గన్ను సరిగ్గా దాని మూతికే పెడతారు. ఇంకొందరు వెనక బంపర్‌కి ఇనప గార్డు బిగించి, సెన్సర్ ఎందుకు ఆగకుండా మోగుతోందని నన్ను అడుగుతారు.

నా గోడు కూడా వినండి. రెండేళ్ళ కింద ఒకాయన పాత కారుకి నా దగ్గరే నాలుగు సెన్సర్లు పెట్టించుకున్నాడు. చెవి పెట్టి వినిపించాను కూడా, పనిచేసే సెన్సర్ దగ్గర టిక్ టిక్‌మని సన్నగా వినపడుతుంది. ఆర్నెల్లకి బంపర్ గీసుకుపోతే వేరేచోట పెయింట్ వేయించాడు. సెన్సర్లు విప్పకుండా వాటి మీదే రెండు పూతలు కొట్టేశారు. తర్వాత స్తంభానికి గుద్ది, నీ సరుకు మంచిది కాదని పదిమందిలో నన్ను తిట్టి, ఇవ్వాల్సిన 3,000 ఎగ్గొట్టాడు. అందుకే సెన్సర్ మోగలేదు అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మియాపూర్ సెక్రటరీ
మా అపార్ట్‌మెంట్లో అసోసియేషన్ పని చూస్తాను కాబట్టి చెప్తున్నా. గొట్టం ఎవరు విరగ్గొడితే వాళ్ళు కట్టాలి. కారు కంపెనీతో గొడవ మీరు తర్వాత చూసుకోండి. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు ట్యాంకర్ డబ్బు ఎందుకు భరించాలి?

అయితే ఒకటి. గొట్టం చుట్టూ మీ అసోసియేషన్ దిమ్మె కట్టి, పసుపు నలుపు పట్టీలు వేయాల్సింది. అది వాళ్ళ లోపం. ఆ మాట మీద సగానికి మాట్లాడుకోండి.

గుంటూరు కారు
బంపర్‌కి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేముందు ఆలోచించండి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనివాళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. మొదటి ఏడాదికి 20 శాతం, ఐదేళ్ళు ఆగితే 50 శాతం. చిన్న సొట్టకి టింకరింగే చవక.

పటమటవాసి
సెక్రటరీ గారూ, సగం కట్టడమంటే నాన్నగారిది తప్పని ఒప్పుకున్నట్టే. అదే నేను ఒప్పుకోలేకపోతున్నాను. మాది బేస్ మోడల్, సెన్సర్లు రెండే. పై మోడల్‌కి నాలుగు ఇస్తారు. నాలుగు ఉంటే పనిచేసేదేమో. తక్కువ డబ్బు పెట్టినవాడికి తక్కువ భద్రతా?

తెనాలి మాస్టారు
రెండున్న చోట మూలలు వదిలిపోతాయి, నిజమే. కానీ పొట్టి వస్తువు దగ్గరికి వచ్చాక నాలుగూ దాన్ని పోగొట్టుకుంటాయి. ఎత్తు మారలేదు కదా. నా ప్రశ్నకి మీరు సరిగా జవాబివ్వలేదు బాబూ. మోగి ఆగిందా, అసలు మోగలేదా?

భీమవరం బుజ్జి
మా పిన్నిగారింట్లో ర్యాంప్ మీద న్యూట్రల్‌లో ఉండి కారు వెనక్కి జారింది, హ్యాండ్ బ్రేకు సరిగా పడలేదు. సెన్సర్ కిమ్మనలేదు. రివర్స్ గేరు పడితేనే అది లేస్తుందని అప్పుడు తెలిసింది. స్కూటర్ నలిగింది, మనుషులు లేరు కాబట్టి సరిపోయింది.

ఆటోనగర్ షెడ్డు
తమ్ముడూ, మాస్టారు రెండుసార్లు అడిగారు, నువ్వు తప్పించుకుంటున్నావు. నేను సూటిగా అడుగుతా. మీ నాన్నగారి వయసెంత? చెవులు చూపించారా? ఏసీ ఫుల్లుగా పెట్టి, పాటలు పెట్టుకుని వెనక్కి వస్తే ఆ కీచుమోత పెద్దవాళ్ళకి వినపడదు. మా షెడ్డుకి వచ్చే పెద్దాయనల్లో సగం మందికి నేను మోగించి చూపిస్తే "ఏదీ?" అంటారు. కారుని తిట్టేబదులు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

పటమటవాసి
మాట జాగ్రత్త. ఇంతసేపూ అన్నా అన్నాను, ఇకమీదట మీరు అనే అంటాను. మా నాన్నగారికి 67 ఏళ్ళు. 1984 నుంచి నడుపుతున్నారు. అంబాసిడర్ మీద బెజవాడ నుంచి హైదరాబాద్‌కి రాత్రిళ్ళు పోయి వచ్చిన మనిషి. ఈ నలభై ఏళ్ళలో ఒక్క చలానా లేదు. 55 దాటాక లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు, డాక్టరు ఫారం 1ఎ మీద సంతకం పెట్టాలి. పోయినేడే రెన్యూ చేయించాం. ఆయన్ని ఎన్నడూ చూడని మీరు చెవిటివాణ్ణి చేసేశారు.

మా అక్క కూడా ఇదే పాట. ఫోన్ చేసి "తాళాలు తీసుకో, రేపు పిల్లల్ని గుద్దేస్తారు" అంటుంది. నాన్నగారు పక్కనే ఉండి వింటున్నారు. ఆదివారం నుంచి ఆయన సెల్లార్ వైపు వెళ్ళలేదు. కూరగాయలకి కూడా ఆటోలో పోయి వచ్చారు. అమ్మకి వారానికి రెండుసార్లు డయాలసిస్. తీసుకెళ్ళేది ఆయనే, నేను డ్యూటీలో ఉంటాను. ఆ తాళాలు తీసుకోవడమంటే ఏమిటో మీకెవరికైనా తెలుసా?

డాలస్ సుజాత
తమ్ముడూ, ఇది ముందే చెప్పి ఉంటే నేను కెమెరా గురించి అంత పట్టుబట్టేదాన్ని కాదు. మా మామగారి తాళాలు తీసుకుంది నేనే. నాలుగేళ్ళయింది. ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

మియాపూర్ సెక్రటరీ
అమ్మగారి సంగతి తెలియదు బాబూ. కానీ గొట్టం డబ్బుకీ దీనికీ ముడిపెట్టొద్దు.

ఆటోనగర్ షెడ్డు
మాట తూలాను, తప్పే. కానీ నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో కూడా విను. మూడేళ్ళ కింద మా షెడ్డులో పదిహేనేళ్ళ కుర్రాడు, నా మేనల్లుడే, కింద పడిన నట్టు కోసం కారు వెనక వంగి కూర్చున్నాడు. కస్టమర్ రివర్స్ తీశాడు. సెన్సర్ మోగింది, వెంటనే ఆగింది. ఆగింది కదా అని ఆయన ఇంకా వచ్చేశాడు. నేను డిక్కీ మీద చేత్తో బాదితే ఆపాడు. వాడి చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. ఆ కస్టమర్‌కి ముప్ఫై ఏళ్ళే, చెవులు బాగానే ఉన్నాయి. మోత ఆగితే దారి ఖాళీ అనుకున్నాడు, అంతే. మోగదు అని నీకు మొదట రాసింది కూడా నా తొందరే. మోగి ఆగడం నా కళ్ళతో చూసినవాణ్ణి.

పటమటవాసి
షెడ్డన్నా, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, ఆ రోజు రెండుసార్లు బీప్ వినపడిందట. స్టీరింగు కొంచెం తిప్పగానే ఆగిపోయిందట. గొట్టం తప్పిందనుకుని ఇంకా వెనక్కి వచ్చారు. ఈ సంగతి నాకు ఆదివారమే చెప్పారు. అక్కకి తెలిస్తే ఇంకా అంటుందని నేనే మోగలేదని చెప్పాను. ఇక్కడా అదే రాశాను. మాస్టారు గారూ, రెండుసార్లు అడిగించుకున్నందుకు క్షమించండి.

తెనాలి మాస్టారు
అయితే ఆయన చెవులు బాగానే పనిచేశాయి కదయ్యా! రేపు సెల్లార్లో ఇటుకలు అడుగెత్తు పేర్చి, టేపు పట్టి చూడండి. నడిపేది ఆయనే ఉండాలి. మీరు కారు పక్కన నిలబడండి, వెనక వద్దు.

పటమటవాసి
ఇవాళ పొద్దున చేశాం. ఏసీ ఆపి, అద్దం దించి, నాన్నగారే నడిపారు. ఇటుకలు 1.2 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మోత మొదలైంది. 45 సెంటీమీటర్లకి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. మూడుసార్లు చేశాం, రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో అంతే. తర్వాత ఇటుకల స్థానంలో పాత అట్టపెట్టె నిలబెట్టాం, నడుమెత్తు ఉంటుంది. అది చివరిదాకా మోగుతూనే ఉంది. నాన్నగారు దిగి వచ్చి ఇటుకలనీ బంపర్‌నీ మార్చి మార్చి చూశారు. "ఇది ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అన్నారు. షోరూంలో కారు ఇచ్చిన రోజు అరగంట సేపు పాటల సిస్టమ్ గురించి చెప్పారు, దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం మాత్రం నాకు పోదు.

7,000 కట్టడానికి ఒప్పుకున్నాం. గొట్టం చుట్టూ దిమ్మె కట్టడానికి అసోసియేషన్ ఒప్పుకుంది. అక్క ఇంకా ఒప్పుకోలేదు, ఈ ఆదివారం వస్తోంది.

ఆటోనగర్ షెడ్డు
దిమ్మె నడుమెత్తుకి తక్కువ కట్టనివ్వకు తమ్ముడూ. మోకాలెత్తు కడితే మళ్ళీ ఇదే కథ. బంపర్ శనివారం తీసుకురా, నాన్నగారినే నడుపుకు రమ్మను.