‘పరహస్తం గతం గతః’ – పిల్లల అల్మారా మీద రాయొచ్చా?

ప్రశ్న: హన్మకొండలో మా ఇంట్లో పిల్లల కోసం ఒక అల్మారా ఖాళీ చేసి పుస్తకాలు సర్దుతున్నాం. వాడకట్టు పిల్లలు తీసుకుపోతున్నారు, సగం తిరిగి రావట్లేదు. ‘పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః’ అని రాసి అతికించమంటున్నాడు మా బాపు. ఇది సరైన పాఠమేనా?

జవాబు: అన్నా, పుస్తకం, స్త్రీ, డబ్బు పరాయి చేతికి పోతే పోయినట్టే అని దీని అర్థం. అందరి నోటా నలిగింది అదే గానీ వ్యాకరణానికి నిలవదు. పుస్తకం, విత్తం నపుంసకలింగాలు కాబట్టి ‘పరహస్తగతం గతమ్’ అనాలి. ‘లేఖనీ పుస్తికా రామా’ అని మొదలయ్యే ఇంకో పాఠంలో మూడూ స్త్రీలింగాలే, అందుకే అక్కడ ‘గతా గతా’ అని వస్తుంది. మనవాళ్లు వాడే ‘గతః’ ఈ రెండింటికీ అతకదు.

అసలు మజా శ్లోకం రెండో సగంలో ఉంది: ‘అథవా పునరాయాతి జీర్ణం భ్రష్టా చ ఖండశః’. ఒకవేళ తిరిగొస్తే పుస్తకం జీర్ణమై, స్త్రీ చెడి, డబ్బు ముక్కలుముక్కలుగా వస్తాయట. మూడింటికి మూడు వరుసగా సరిపోయాయి, క్రమాలంకారం. చమత్కారం బాగుంది కానీ ఆడమనిషిని డబ్బు పక్కన సామానులా పెట్టిన మాటను పిల్లల అల్మారా మీద నేనైతే అతికించను. పైగా ఈ శ్లోకాన్ని అందరూ పట్టించుకుని ఉంటే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో మీ హన్మకొండలోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాలు పుట్టేవే కావు.

ప్రశ్న: మరి తెలుగులో ఏం రాయమంటావు తమ్మీ?

జవాబు: ‘ఎరువు’ అని మంచి మాట ఉంది. అప్పు తెచ్చిన బియ్యం వండుకుని, వేరే బియ్యం కొలిచి ఇస్తాం. ఎరువు తెచ్చిన నగను మాత్రం ఆ నగగానే తిరిగివ్వాలి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత దాని మీదనే. పుస్తకానికి ఇంతకన్నా సరిపోయే మాట లేదు. ఒక నోటుబుక్కు మీద ‘ఎరువు పుస్తకం’ అని రాసి, తీసుకున్న రోజు, తెచ్చిన రోజు అని రెండు గళ్లు గీసి దారంతో అల్మారాకు కట్టండి. పేరు పిల్లలే రాసుకోవాలి, పెద్దలు రాస్తే అది హాజరుపట్టీ అయిపోతుంది. పాత మాసపత్రికల బైండింగుల్లాంటివి, మళ్లీ దొరకనివి, పై అరలో పెట్టి ఇంట్లోనే చదివించండి. కింది అరల్లో చినిగినా బాధలేనివి, అట్టబొమ్మ ఎదురుగా కనబడేలా నిలబెట్టండి. వీపులు చూసి పుస్తకం తీసే వయసు కాదు వాళ్లది.

ప్రశ్న: అంతా బాగుంది గానీ, ‘ఎరువు’ అంటే మా చిన్నోడు యూరియా బస్తానా అని అడిగిండు.

జవాబు: అడగనీయండి. రెండర్థాలూ నిఘంటువులో ఉన్నవే. ఆ అల్మారాలో ఒక తెలుగు నిఘంటువు ఉందా మరి? లేకపోతే ముందు అది కొనండి. దాన్ని మాత్రం ఎరువు ఇవ్వకండి.