వెన్నకు జాఫ్రా రంగు: అలంకారమా, మోసమా?

పాలవెల్లి:
మా ఇంట్లో గేదె పాల మీగడ చిలికితే వచ్చే వెన్న ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. బజారులో కొన్న వెన్న మాత్రం పసుపుపచ్చగా ఉంది. పొట్లం వెనుక చిన్న అక్షరాలతో ‘అనుమతించిన సహజ రంగు 160బి’ అని ఉంది. అది అనాటో, అంటే మన ఏజెన్సీలో జాఫ్రా అని పిలిచే చెట్టు గింజల నుంచి తీసిన రంగు. తెల్లని వెన్నను ఆవు వెన్నలా కనిపించేలా చేయడం మోసం కాదా? రంగు మొక్క నుంచి వచ్చిందన్నంత మాత్రాన ఈ ప్రశ్న తీరిపోదు.

పచ్చగడ్డి:
మోసమన్నది పెద్ద మాట. గేదె తాను తిన్న మేతలోని పసుపు రంగు పదార్థమైన కెరోటిన్‌ను దాదాపుగా విటమిన్-ఎగా మార్చుకుంటుంది కనుక దాని వెన్న తెల్లగా ఉంటుంది. ఆవు పాలలోకి కొంత కెరోటిన్ అలాగే వస్తుంది. అయినా ఆవు వెన్న కూడా ఏడాది పొడవునా ఒకే రంగులో ఉండదు, ఎండుగడ్డి రోజుల్లో పాలిపోతుంది. ఇంగ్లండులో చీజ్‌కు (మన జున్ను కాదు సుమా) ఇదే రంగు కలపడం పాత ఆచారం. రెడ్ లెస్టర్ చీజ్ నారింజ రంగు అనాటో వల్ల వచ్చిందే.

పాలవెల్లి:
మీ ఉదాహరణ నా వాదానికే బలమిస్తోంది. మీగడ తీసేసిన పాలతో చేసిన చీజ్‌ను మీగడ నిండినదిగా చూపడానికీ అక్కడ రంగు పనికివచ్చింది.

ఏజెన్సీవాసి:
జాఫ్రా ముళ్ల కాయను ఒలిచి గింజలను అరచేతిలో నలిపితే చేయంతా ఎర్రబడుతుంది, ఎందుకంటే రంగు గింజ పైపొరలోనే ఉంటుంది. అందులో ప్రధానమైన బిక్సిన్ కొవ్వులో కరుగుతుంది కనుక వెన్నకు సరిపోతుంది. దానినే క్షారంతో చర్య జరిపితే నీటిలో కరిగే నార్‌బిక్సిన్ వస్తుంది. చీజ్‌కు ఎక్కువగా వాడేది అదే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో రోజుకు తీసుకోదగిన పరిమితిని, శరీర బరువులో ప్రతి కిలోకు, బిక్సిన్‌కు 6 మిల్లీగ్రాములుగాను, నార్‌బిక్సిన్‌కు 0.3 మిల్లీగ్రాములుగాను నిర్ణయించింది. ఒకే గింజ నుంచి వచ్చిన రెండింటి మధ్య ఇరవై రెట్ల తేడా ఉన్నప్పుడు, ‘సహజ’ అన్న ఒక్క మాట కొనేవారికి ఏం చెబుతుంది? అరుదుగానైనా కొందరికి ఈ రంగు పడదు కూడా. అయితే తినుబండారాల్లో నిషిద్ధమైన మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగు పక్కన దీన్ని నిలబెట్టడం మాత్రం అన్యాయం.

పాలవెల్లి:
నేను అలా నిలబెట్టలేదు. 160బి అన్న అంకె చదివి జాఫ్రాను పోల్చుకోగలవారు ఎందరు? ‘ఇది గేదె పాల వెన్న, రంగు జాఫ్రాది’ అని పొట్లం ముందువైపు తెలుగులో అచ్చువేయమనండి, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటాను.