అప్‌డేట్: ఫాతిమా కొవ్వొత్తుల ఊరేగింపులో నడిచాను

మే 12 రాత్రి మా టూర్ గ్రూపు పోర్చుగల్‌లోని ఫాతిమాలో ఉంటుందని, క్రైస్తవురాలిని కాని నేను ఆ ఊరేగింపులో నడవొచ్చా అని అడిగాను కదా. నడిచాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

1917 మే 13న ముగ్గురు పిల్లలకు మరియమాత కనిపించిందని అక్కడి నమ్మకం. ఆ జ్ఞాపకంగానే ఏటా ముందురోజు రాత్రి ఈ ఊరేగింపు. జపమాల ప్రార్థన అయ్యాక తెల్లపూలతో అలంకరించిన విగ్రహం కదిలింది. పాటలో "ఆవే" (మరియమాతకు వందనం అని) వచ్చినప్పుడల్లా అందరూ కొవ్వొత్తులు పైకెత్తుతారు. గాలికి నాది ఆరిపోతే, పక్కనున్న పెద్దావిడ మాటైనా లేకుండా తన కొవ్వొత్తి వంచి వెలిగించింది. ఆవిడ చేతికి కారిన మైనం ఇంకా కళ్ల ముందే ఉంది.

ప్రార్థనా మందిరం వైపు కొందరు మోకాళ్ల మీద వెళ్తుంటే ఫోన్ బ్యాగులో పెట్టేశాను. అది ఫోటో తీసే దృశ్యం కాదు.

మీలో ఒకరు చెప్పినట్టు, గ్రూపుతో కలుసుకునే చోటు ముందే అనుకున్నాం. లేకపోతే ఆ జనంలో చాలా టెన్షన్ పడేదాన్ని. మర్నాడు విగ్రహాన్ని తిరిగి తీసుకెళ్తుంటే వేలమంది తెల్ల రుమాళ్లు ఊపారు. నా దగ్గర రుమాలు లేదు, చున్నీ ఊపాను.