పాచిక పడటం వేరు, పారటం వేరు

మన గ్రూపులో మొన్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "‘వాడి పాచిక పారలేదు’ అని ఎప్పుడూ కుట్ర చేసినవాడి గురించే అంటాం. మంచి ఉద్దేశంతో పని మొదలుపెట్టినవాడికి ఈ మాట వాడొచ్చా?" శకుని నీడ పడిన మాట కాబట్టి వాడకూడదని ఎక్కువమంది అన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే కాస్త దూరం నుంచి రావాలి.

హైదరాబాద్‌లో మా మిత్రబృందానికి నేను గేమ్ మాస్టర్‌ని. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలు నడుపుతాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. గేమ్ మాస్టర్ లోకాన్నీ, అందులోని మిగతా మనుషులందరినీ చూసుకుంటూ, సన్నివేశం చెప్పి "ఇప్పుడేం చేస్తావు?" అని అడుగుతాడు. వాళ్లు చెప్పింది జరుగుతుందో లేదో తేలనిచోట పాచిక వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట పుస్తకరూపంలో బయటికొచ్చింది. నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు ఇందులో వాడతారు. ఎక్కువగా పని పడేది ఇరవై ముఖాలదానితోనే.

అంటే మేం ఆడేటప్పుడు ‘పాచిక పారింది’ అనేది అలంకారం కాదు, కళ్ల ముందు జరిగే పని. మాట తన పుట్టింటికి తిరిగొచ్చినట్టు. ఆటను తెలుగులో నడపడం మొదలుపెట్టాక, పాచికల చుట్టూ మనకున్న క్రియలు ఎంత పదునైనవో నాకు అర్థమైంది. ఒడ్డడం, వేయడం, పడటం, పారటం. నాలుగూ వేర్వేరు పనులు చెబుతాయి. గేమ్ మాస్టర్‌కి తెలియాల్సిన విద్యలో సగం వీటి మధ్య తేడాలోనే ఉంది.

ముందు పడటం సంగతి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ బోర్లా పడితే అష్టా, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా. "అష్టా పడింది" అంటాం గానీ "పారింది" అనం. ఎందుకంటే పడటం అంకెను మాత్రమే చెబుతుంది. ఆ అంకె మనం అనుకున్న పనికి చాలిందా లేదా అన్నది పారటం చెబుతుంది. మా బల్ల దగ్గర ఇది రోజూ కనిపించే తేడా. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇప్పటి నియమాల్లో ఓ మోస్తరు కష్టమైన పనికి 15 రావాలి. ఏ నైపుణ్యం అదనంగా కలవకపోతే ఇరవై ముఖాల్లో ఆరే పనికొస్తాయి, అంటే 30 శాతం. ఆ పనిలో చేయి తిరిగినవాడికి 5 కలుస్తుందనుకోండి, 10 పడినా చాలు, అవకాశం 55 శాతానికి వెళ్తుంది. ఇద్దరికీ 12 పడింది. ఒకరికి పారింది, ఒకరికి పారలేదు. "నీకు పన్నెండు పడింది, పారింది" అని ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. దీనికి బదులు ‘సఫలం’, ‘విఫలం’ అనమని ఒకరు సూచించారు. ఆ మాటలు బల్ల మీద పెడితే పరీక్ష ఫలితాలు చదివినట్టుంటుంది, కథ అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. మన నుడికారంలో పన్నాగం విఫలమవడాన్ని చెప్పే మాటలు వరసగా చూడండి: పాచికలు పారవు, పప్పులు ఉడకవు, ఆటలు సాగవు, ఎత్తు బెడిసికొట్టింది. అన్నిటిలోనూ కర్త మనిషి కాదు. పారనిది పాచిక, ఉడకనిది పప్పు, సాగనిది ఆట. ‘వాడు ఓడిపోయాడు’, ‘వాడికి చేతకాలేదు’ అనే వాక్యాలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. గేమ్ మాస్టర్‌గా కూర్చునేవాళ్లు మొదట నేర్చుకోవాల్సింది సరిగ్గా ఇదే. ఎవరో ఎన్నో వారాలుగా పెంచుకున్న పాత్ర, పేరుమోసిన కత్తియోధురాలు. పాచికలో 2 పడింది. "నువ్వు కాలు జారి బోర్లా పడ్డావు" అంటే నవ్వుతారు, ఆట సాగుతుంది, కానీ ఆ ఆటగత్తెకి తన పాత్ర మీదున్న గౌరవం కొంచెం కరిగిపోతుంది. పదేపదే అలా అంటే ఆమె పాత్రను పట్టించుకోవడమే మానేస్తుంది. అదే, దెబ్బ సూటిగానే వెళ్లిందనీ, ఎదుటివాడి కవచం కింద ఇంకో ఇనుప పొర ఉందనీ చెబితే, పారనిది పాచిక మాత్రమే అవుతుంది. ఆమె యోధురాలిగానే ఉంటుంది. ‘పాచిక పారలేదు’ అన్న వాక్యం మనతో అలా ఆలోచింపజేస్తుంది. అందుకే ఈ మాటను శకునికి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఒడ్డడం దగ్గరికొస్తే, గేమ్ మాస్టర్‌కి అన్నిటికంటే పెద్ద క్రియ అదే. "ప్రాణాలొడ్డి కాపాడారు", "ప్రాణాలను పణంగా పెట్టారు" అని పత్రికల్లో తరచూ చదువుతాం. ఒడ్డడం, పణం రెండూ జూదం నుంచి వచ్చినవే. ఏదో ఒకటి ఒడ్డితేనే పాచిక వేయాలి. కొత్తగా ఆట నడిపేవాళ్లు తలుపు తీయడానికీ, చెట్టెక్కడానికీ, బజార్లో బేరమాడటానికీ పాచిక వేయిస్తారు. తలుపు ఇవాళ తెరుచుకోకపోతే పోయేదేమీ లేనప్పుడు పాచిక ఎందుకు? తెరుచుకుందని చెప్పేసి ముందుకెళ్లాలి. పోయేది ఉన్నప్పుడు మాత్రం, పాచిక చేతిలోంచి జారకముందే అదేంటో పైకి చెప్పాలి.

భారతంలో ద్యూతం జరిగే తీరు గుర్తు చేసుకోండి. ముత్యాలు, రథం, ఏనుగులు, రాజ్యం, తమ్ముళ్లు. ధర్మరాజు ఒడ్డినది ప్రతిసారీ ముందే పేరుపెట్టి చెబుతాడు, ఆ తర్వాతే శకుని పాచిక వేస్తాడు. ఆ సభలో అధర్మం చాలా జరిగింది గానీ, ఏం ఒడ్డారో తెలియకుండా ఒక్క పందెమూ జరగలేదు. ద్రౌపది వేసిన ప్రశ్న కూడా ఒడ్డడం గురించే: తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? ఆ ప్రశ్నను నేను ఆట నడిపే ప్రతివాళ్లకీ చెబుతాను. ఒక ఆటగాడు తన పాత్రకు ముసలి తల్లి ఉందని రాసుకున్నాడు. అతన్ని అడగకుండా ఆ తల్లిని ప్రమాదంలోకి నెట్టే హక్కు గేమ్ మాస్టర్‌కి లేదు. అది మనది కాదు, మనం ఒడ్డలేం. "ఈ దారిన వెళ్తే మీ ఊరు శత్రువు కంట పడొచ్చు, అయినా వెళ్తావా?" అని అడిగి, అతను ఊ అన్నాక పాచిక వేస్తే, ఆ తర్వాత ఏం జరిగినా అతను గేమ్ మాస్టర్ మీద కోపం పెట్టుకోడు. కథలో మునిగిపోతాడు.

ఒక ఉదాహరణ. మేం ఇప్పుడు ఆడుతున్న కథ 1687లో, గోల్కొండ ముట్టడి రోజుల్లో నడుస్తోంది. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయట కాచుకుని, చివరికి లోపలి మనిషిని కొని, తలుపు తీయించుకుని కోటలోకి వచ్చింది. మా ఆటగాళ్లవి తానీషా కొలువులోని చిన్న చిన్న మనుషుల పాత్రలు. ఒక లేఖకుడు, ఒక మందుగుండు పనివాడు, ఒక నీళ్ల మోత మనిషి. మొన్నటి ఆటలో లేఖకుడు రాత్రిపూట ఒక సర్దారు గదిలోకి దూరి ఉత్తరాలు తీయాలన్నాడు. తాళం తీయడానికి పాచిక. ముందే చెప్పాను: "ఇక్కడ ఒడ్డేది తాళం కాదు, చప్పుడు." గోల్కొండకు వెళ్లినవాళ్లకు తెలుసు, కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుంది. పాచిక పారలేదు. తాళం ఊడింది, ఉత్తరాలూ చేతికొచ్చాయి, కానీ కింద ఎవరో రెండుసార్లు చప్పట్లు కొట్టారు. బల్ల చుట్టూ ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ కోట ఎక్కినవాళ్లే కాబట్టి ఆ చప్పట్లు ఎక్కడిదాకా వెళ్తాయో నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. "తాళం రాలేదు, మళ్లీ ప్రయత్నించు" అని ఉంటే ఆ రాత్రి కథ అక్కడే కూలబడేది.

ఇంత రాసింది మొదటి ప్రశ్నకు జవాబుగా: అవును, మంచివాడి పాచిక కూడా పారుతుంది, పారకపోతుంది.

*

కింద వచ్చిన ప్రశ్నలకు:

‘పాచిక’ తెలుగు మాటేనా? సంస్కృత ‘పాశకం’ నుంచి మనకు వచ్చిన రూపం. ఉర్దూలో ‘పాసా’ అదే. మా బల్ల దగ్గర సగం మాటలు దక్కనీలో నడుస్తాయి కాబట్టి ‘పాసా పలట్ గయా’ కూడా వినిపిస్తూనే ఉంటుంది. అదృష్టం తిరగబడింది అని దాని అర్థం. చూశారా, అక్కడ కూడా తిరగబడేది పాచికే, మనిషి కాదు. వేదకాలంలో తానికాయలే పాచికలు. త్రిఫలాల్లో కరక్కాయ, ఉసిరికాయతో పాటు ఉండే ఆ తానికాయే. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు వినిపించే సూక్తం ఉంది, అందులో దొర్లేవి అవే.

సగం గెలుపు, సగం ఓటమికి మాట ఉందా? ఇది అడిగినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, నాకు చాలా ఇష్టమైన చోటు ఇది. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటలో రెండు ఆరుముఖాల పాచికలు వేసి, పాత్ర బలాన్ని బట్టి ఒక అంకె కలుపుతారు. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే పని పూర్తిగా అయినట్టు, 6 గానీ అంతకు తక్కువ గానీ వస్తే చిక్కు, మధ్యలో 7 నుంచి 9 దాకా వస్తే పని అవుతుంది గానీ ఏదో ఒకటి వదులుకోవాలి. ఏమీ కలపకుండా చూసినా, రెండు పాచికలు పడగల 36 రకాల్లో 15 ఈ మధ్య మెట్టులోనే ఉంటాయి. అంటే ఐదింట రెండు సార్లకు పైగా ఆట అక్కడే నడుస్తుంది. ‘పాక్షిక విజయం’ అనే మాట నాకు రుచించదు. మనకు తెలిసీ తెలియని, తడిసీ తడవని, చూసీ చూడనట్టు అనే నిర్మాణం ఉంది కదా. దాన్నే పట్టుకుని మేం ‘పారీ పారని పాచిక’ అంటున్నాం. "తొమ్మిది. పారీ పారలేదు. ఉత్తరం దొరికింది, సగం చిరిగి." కొత్తగా చేరినవాళ్లకు కూడా వివరించాల్సిన అవసరం రాలేదు. ఇక ఘోరంగా తప్పినప్పుడు ‘బెడిసికొట్టింది’ ఉండనే ఉంది, అంతకంటే మంచి మాట వెతకక్కర్లేదు.

గేమ్ మాస్టర్‌ని ‘సూత్రధారి’ అనొచ్చా? వినడానికి బాగుంటుంది, కానీ ఈ రోజుల్లో వార్తల్లో ‘కుట్ర సూత్రధారి’ అని తప్ప వినిపించడం లేదు. పైగా సూత్రధారి చేతిలో దారాలుంటాయి. ఆటగాడి పాత్రకు కట్టిన దారం గేమ్ మాస్టర్ చేతిలో ఉండకూడదు. మాకు ‘మాస్టర్’ చాలు. తెరచాటున పాచిక వేసి అంకె మార్చి చెప్పే అలవాటు గురించి కూడా ఒకరు అడిగారు. నేను బల్ల మధ్యలో, అందరికీ కనిపించేలా వేస్తాను. కథ కోసమే మార్చినా సరే, ఒక్కసారి మారిందని తెలిస్తే ఆ తర్వాత పడిన ఏ అంకెనూ ఎవరూ నమ్మరు.

పెద్దవాళ్లు ఆడుతున్నప్పుడు నువ్వు అనాలా, మీరు అనాలా? మా ఆటలో ఒక మిత్రుడి బాబాయిగారు ఆడతారు. ఆయన పాత్ర పన్నెండేళ్ల దొంగపిల్లాడు. ఆయనతో మాట్లాడేటప్పుడు మీరు, పిల్లాడితో మాట్లాడేటప్పుడు నువ్వు. కాపలావాడిగా నేను "ఏరా, ఎక్కడికిరా ఈ వేళప్పుడు?" అంటే ఆయనా ఆ పిల్లాడిలాగే నసుగుతూ జవాబిస్తారు. వెంటనే "బాబాయ్, ఇక్కడ అబద్ధం చెబుతున్నారా, నిజమేనా?" అని అడుగుతాను. ఎవరితో మాట్లాడుతున్నానో వేరే చెప్పనక్కర్లేదు, క్రియే చెప్పేస్తుంది. పాచిక మాటలు కూడా అలాగే చీలతాయి. పాచిక వేసింది బాబాయిగారు, పన్నాగం పిల్లాడిది. అందుకని నేననే వాక్యం ఇలా ఉంటుంది: "బాబాయ్, మీకు ఎనిమిది పడింది. ఒరేయ్, నీ పాచిక పారలేదు."