లాస్ పిన్యాస్‌కి కొత్తగా వచ్చాను, జోనా హెక్స్ గురించి ఎవరైనా చెప్తారా?

అందరికీ నమస్తే. మాది ఖమ్మం. మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్ వచ్చి మూడు వారాలైంది, మనీలా దగ్గర లాస్ పిన్యాస్‌లో ఉంటున్నా. రూము, సిమ్ కార్డు, బియ్యం, పచ్చళ్ళ గురించి మీరు ఇంతకుముందు రాసినవన్నీ చదివే సర్దుకున్నా, చాలా థాంక్స్. ఇప్పుడు అడిగేది వేరే సంగతి. ఇంటర్ నుంచీ నాకు బొమ్మలు గీసే అలవాటుంది. ఇక్కడికి వచ్చాక ఈ ఊరివాళ్ళతో ఒక్కరితో కూడా కలవలేదు. ఒకే బిల్డింగులో అందరం మనవాళ్ళమే, పొద్దున లేస్తే తెలుగే. నిన్న మా ఇంటి ఓనర్ వాళ్ళ తాతగారు నా నోట్సులో నేను గీసుకున్న పుర్రె బొమ్మ చూసి, చాలాసేపు ఏదో చెప్పారు. ఇక్కడి భాష టగాలోగ్‌లో. నాకు అందినవి రెండే మాటలు, జోనా హెక్స్, లాస్ పిన్యాస్. ఆ రెంటికీ ఏం సంబంధం? తెలిస్తే వెళ్ళి మాట్లాడాలని ఉంది.

జవాబు 1 (మకాటీ నుంచి, ఇక్కడికి వచ్చి 16 ఏళ్ళు)

తమ్ముడూ, ఆయన నీకు టోనీ డెజునిగా గురించి చెప్పారు. మనీలాలో పుట్టి, న్యూయార్క్‌లో పేరు తెచ్చుకుని, చివరికి 2012 మే 11న మీ లాస్ పిన్యాస్‌లోనే కన్నుమూసిన కొమిక్స్ చిత్రకారుడు. ఇక్కడివాళ్ళు కామిక్స్ అనరు, కొమిక్స్ అంటారు. నువ్వూ అలాగే అను.

నీ పుర్రె బొమ్మ చూడగానే ఆయన ఎందుకు గుర్తొచ్చాడో ముందు చెప్తాను. జోనా హెక్స్ అంటే అమెరికా బొమ్మల కథల్లో, తలకు వెల కట్టిన నేరస్తుల్ని గుర్రం మీద వేటాడే మనిషి. ముఖం ఒక పక్క మామూలుగా ఉంటుంది, రెండో పక్క చర్మం కాలి, కన్ను బయటికొచ్చి, చూడలేనట్టుగా ఉంటుంది. కథ రాసింది జాన్ అల్బానో, రూపం ఇచ్చింది డెజునిగా. ఆ ముఖం ఎలా తట్టిందో ఆయనే చెప్పారు. డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ శరీర నిర్మాణం చార్టు కనిపించిందట. మనిషి బొమ్మలో సగం ఎముకలు, సగం నరాలు, కండరాలు. నువ్వు రోజూ క్లాసులో చూసే చార్టే! ఆ సగం సగం మనిషే 1972లో ఆల్ స్టార్ వెస్టర్న్ అనే పత్రిక పదో సంచికలో గుర్రమెక్కి వచ్చాడు. ఆ ఒక్క ముఖం చాలు, ఆయన ఎంతటి చిత్రకారుడో తెలియడానికి.

ఆయన బతుకు మనలాంటివాళ్ళు తెలుసుకోవాల్సింది. 1932లో పుట్టాడు. పదహారేళ్ళకే లివాయ్‌వాయ్ అనే టగాలోగ్ వారపత్రికలో బొమ్మల కథల బుడగల్లోని మాటలు చేత్తో రాసే పనిలో చేరాడు. బొమ్మలు కాదు, అక్షరాలు. మనకు చందమామ ఎలాగో వీళ్ళకు లివాయ్‌వాయ్ అలాగ. 1929 నుంచి అందులో కెన్‌కోయ్ బొమ్మల కథ వచ్చేది, ఇక్కడి కొమిక్స్ కథంతా అక్కణ్ణుంచే మొదలంటారు. అల్ఫ్రెదో అల్కాలా, నెస్తోర్ రెదోందో లాంటి గట్టివాళ్ళ పని చూస్తూ పెరిగాడు డెజునిగా. సాంతో తొమాస్ యూనివర్సిటీలో కమర్షియల్ ఆర్ట్ చదివి, 1962లో గ్రాఫిక్ డిజైన్ కోసం న్యూయార్క్ వెళ్ళాడు. అక్కడే ఉండిపోలేదు. తిరిగొచ్చి మనీలాలో ప్రకటనల పని చేసుకున్నాడు. 1960ల చివర్లో మళ్ళీ వెళ్ళాడు, ఈసారి బొమ్మల కథలు వేసే పెద్ద సంస్థ డీసీ కామిక్స్ తలుపు తట్టాడు. 1970లో దొరికిన మొదటి పని ఒక ప్రేమకథల పత్రికలో, రిక్ ఎస్త్రాదా పెన్సిల్‌తో గీసిన బొమ్మలకు సిరా దిద్దడం. మళ్ళీ కింది మెట్టు నుంచే, దగ్గర దగ్గర నలభై ఏళ్ళ వయసులో.

నాకు ఆయన మీద గౌరవం జోనా హెక్స్ వల్ల కాదు, 1971లో చేసిన పని వల్ల. తనకు కాస్త చోటు దొరకగానే డీసీ పెద్దలు కార్మైన్ ఇన్‌ఫాంటినో, జో ఓర్లాండోలకు చెప్పి ఒప్పించాడు, మా దేశంలో ఇలా గీసేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, వచ్చి చూడండని. వాళ్ళిద్దరూ మనీలా వచ్చారు. అమెరికాలో అప్పటికి పెన్సిల్ ఒకరు, సిరా ఒకరు చేసే పద్ధతి. ఇక్కడ ఒకే చెయ్యి రెండూ చేసేది, ఆ కుంచె పనితనం వాళ్ళకు కొత్త. అల్కాలా, రెదోందో, అలెక్స్ నిన్యో, ఇంకా ఎందరో ఆ దారినే అమెరికా పత్రికల్లోకి వెళ్ళారు. 1972 సెప్టెంబరులో అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాక ఇక్కడి కొమిక్స్ మీద సెన్సారు పడింది. అప్పటికి ఆ తలుపు తెరిచి ఉండటం ఎంత పెద్ద సంగతో ఆలోచించు.

అలాగని అంతా బాగుందని చెప్పను. అమెరికా చిత్రకారులకు ఇచ్చేదానికంటే ఇక్కడివాళ్ళకు పేజీకి తక్కువ ఇచ్చారు. అంతమందికి ఒక్కసారిగా పని దొరకడం వెనక ఆ లెక్క కూడా ఉంది. అంత నైపుణ్యానికి అంత చవక ధర కట్టడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

తర్వాత డీసీకి పోటీ సంస్థ మార్వెల్‌లో కోనన్ అనే వీరుడి కథల బొమ్మలకు సిరా దిద్దాడు, సెగాలో వీడియో గేముల పని చేశాడు. 2010లో, డెబ్బై ఏడేళ్ళ వయసులో, మళ్ళీ జోనా హెక్స్ పుస్తకం ఒకటి పూర్తిగా గీశాడు. 2012 ఏప్రిల్‌లో స్ట్రోక్ వచ్చింది. ఆసుపత్రి ఖర్చులకు తోటి చిత్రకారులు, అభిమానులు చందాలు పోగు చేశారు. నువ్వు డాక్టరువి కాబోతున్నావు కాబట్టి ఇది చెప్తున్నా. నెల జీతం లేని పనివాళ్ళు ముసలితనంలో మంచాన పడితే ఏమవుతుందో నీ వార్డుల్లో రోజూ చూస్తావు.

ఇక నీ సంగతి. ఆ తాతగారిని ‘లోలో’ అని పిలువు, తాత అనే అర్థం. వెళ్ళగానే ‘మానో పో’ అని ఆయన చెయ్యి అందుకుని నీ నుదుటికి ఆనించుకో, మనం కాళ్ళకు దణ్ణం పెట్టినట్టు. పెద్దవాళ్ళతో మాటకు మాటకూ ‘పో’ చేర్చు, మన ‘అండీ’ లాగే. సౌత్‌మాల్‌కి వెళ్తే బుక్‌సేల్ అనే పాత పుస్తకాల కొట్టు ఉందేమో చూడు. ఆ కొట్లలో అమెరికా పాత సంచికలు చవగ్గా దొరుకుతుంటాయి, ఓపిగ్గా వెతకాలి. నాకు అల్కాలా సిరా దిద్దిన సంచిక ఒకటి అలాగే దొరికింది. ఏటా కొమికాన్ అని కొమిక్స్ వాళ్ళ జాతర జరుగుతుంది, నీ స్కెచ్‌బుక్ పట్టుకుని వెళ్ళు.

జవాబు 2 (దావావ్ నుంచి, చివరి ఏడాది)

అన్నయ్య రాసింది చదివాక ఒకటి చేర్చాలనిపించింది. అలెక్స్ నిన్యో కూడా 1959లో కొన్నాళ్ళు మెడిసిన్ చదివి, మానేసి కొమిక్స్‌లోకి వచ్చినవాడే. తమ్ముడూ, ఇది చదివి నువ్వు చదువు మానేస్తావేమోనని భయంగా కూడా ఉంది! మీ నాన్న అప్పు చేసి పంపి ఉంటారు, మాకూ అంతే. చదువుకో, గీసుకో. అనాటమీ డిసెక్షన్ రోజుల్లో బొమ్మ గీసి నేర్చుకున్నవి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

వీలైతే సాన్ పాబ్లో కూడా వెళ్ళిరా, లగూనాలో ఉంది. కొమిక్స్ చిత్రకారుడు జెర్రీ అలంగిలాన్ ఊరు. ఆర్కిటెక్చర్ చదివిన మనిషి. సూపర్‌మ్యాన్ బొమ్మలకు సిరా దిద్దాడు, కానీ సొంత ఊరు వదిలి పోలేదు. కోళ్ళకు మనుషుల్లా మాట, తెలివి వస్తే ఏమవుతుందో ఎల్మర్ అని ఒక కథ గీశాడు. కోడి తండ్రి డైరీ కొడుకు చదివే చోట నేను ఏడ్చాను. 2019లో పోయాడు, యాభై ఒక్కేళ్ళకే.

జవాబు 3 (అడిగినవాణ్ణే)

అన్నా, అక్కా, వెళ్ళాను. మానో పో అనగానే లోలో కాసేపు నా చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు వాళ్ళ వీధి చివర సారీ సారీ కొట్లో (ఇక్కడి చిన్న చిల్లర కొట్టు) కొమిక్స్‌ని దారానికి క్లిప్పులతో వేలాడదీసేవారట. కొనే డబ్బుల్లేక అద్దెకు తీసుకుని అక్కడే బెంచీ మీద చదివి ఇచ్చేసేవారట. ఇదంతా వాళ్ళ మనవరాలు ఇంగ్లీషులో చెప్తే తెలిసింది. డాక్టరు చార్టు సంగతి నేను చెప్పాను. ఆయనకు తెలియదు. మనవరాలు టగాలోగ్‌లో చెప్పేసరికి లేచి లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నారు. నా పుర్రె బొమ్మకు ఒక పక్క కండరాలు, చర్మం గీయమన్నారు. దవడ దగ్గర తప్పు పోయింది, రబ్బరుతో చెరిపి మళ్ళీ గీశాను. రేపు సాయంత్రం అనాటమీ అట్లాస్ పట్టుకుని రమ్మన్నారు.